నంబర్లు చదివే మనిషి

ఆ వారంలో కావలసిన పనులు: హాల్‌టికెట్లు సరిచూడాలి. ఫొటోలు లేని దరఖాస్తులు వేరు చేయాలి. ఏ గదిలో ఏ నంబర్లు కూర్చోవాలో పట్టికలు తీసి గోడలకు అంటించాలి. జవాబు పుస్తకాలకు ముద్రలు వేయాలి. ఇవన్నీ షారోన్ కాగితం మీద రాసుకుంది. రాసుకోనిది ఇంకొకటి ఉంది: నర్సింహులు సారు ముచ్చట్లలో పడకూడదు.

మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, పరీక్షల విభాగంలో ఆమె కొత్తగా చేరింది. సురంగల్‌లో వాళ్ళింట డిగ్రీ చదివిన మొదటి మనిషి. నాన్న ప్రేమదాసు ఫామ్‌హౌసుల్లో గడ్డి కోస్తాడు. ఈ పరీక్షలు తప్పు లేకుండా దాటితేనే ఉద్యోగం ఖాయమని ఇన్‌ఛార్జి భూపాల్ సారు మొదటి రోజే చెప్పేశాడు.

పక్క కుర్చీ నర్సింహులుది. చేవెళ్ల నుంచి బస్సులో వచ్చే పెద్దమనిషి, ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నాడు. హాల్‌టికెట్లు సరిచూసేటప్పుడు ఒకరు నంబరూ పేరూ చదవాలి, ఇంకొకరు జాబితాలో టిక్కు పెట్టాలి. చదివేది ఎప్పుడూ ఆయనే. పేరుకొక కథ.

“క్రాంతి కుమార్... ఆగు బిడ్డా, ఈ పోరని తాత నాకెర్కే. చేవెళ్ల అంగట్ల ఎడ్ల బేరం జేసేటోడు. ఒకసారేమైందో ఎర్కేనా?”

“సార్, నంబర్ చెప్పుండ్రి.”

“చెప్తగని, అమ్మిన ఎద్దు తెల్లారేసరికి మళ్ల ఈయనింటికే వొచ్చింది! కొన్నోడు ఉత్త తాడు వట్టుకొని ఊరంత తిరిగిండు.” తానే పడీపడీ నవ్వేవాడు.

“ఇయ్యాల నేను చదువుత సార్. మీరు టిక్కు పెట్టుండ్రి.”

“వద్దొద్దు. నీది పిట్ట గొంతు.”

ఆమె కంప్యూటర్ వైపు చూస్తూ ఏదైనా అడిగితే “ఇటు మొకం వెట్టి చెప్పు” అనేవాడు. ఎదురుగా మొహం దొరికితే ఇంకో కథ అందుకోవడానికేనని షారోన్ పళ్ళు కొరుక్కునేది.

ఒకరోజు ఏదో పెళ్ళి కథ మధ్యలో ఆమె టిక్కు ఒక వరుస కిందికి జారింది. పూజిత అనే అమ్మాయి హాల్‌టికెట్ రాకుండానే వచ్చినట్టు లెక్కయింది. పరీక్ష రోజు ఆ పిల్ల గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. అప్పటికప్పుడు తీసిచ్చారు గానీ, భూపాల్ సారు అందరి ముందూ అరిచాడు.

“ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికే షారోన్.”

ఆ సాయంత్రం ఆమె ఆయన గదికి వెళ్ళింది. ఫిర్యాదులా ఉండకూడదని మాటలు ఏరుకుంది.

“నర్సింహులు సారు మనుషులతోని బాగ మాట్లాడుతరు సార్. ఎంక్వయిరీ కౌంటర్ల ఫోన్ దగ్గర కూసోవెడితే మంచిగుంటది గదా?”

భూపాల్ సారుకు ఆ ఆలోచన నచ్చింది.

విభాగం నిశ్శబ్దమైంది. పనులు తెమిలాయి. గోడ అవతల కౌంటర్లో ఫోన్ మాత్రం మోగి మోగి ఆగిపోయేది. ఉండబట్టలేక ఒకరోజు షారోన్ వెళ్ళి చూసింది. మోగుతున్న ఫోన్ పక్కనే నర్సింహులు కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. ఆయన తిరగలేదు.

ఆయన తన మొహం అడిగింది పెదాలు చూడడానికేనని షారోన్‌కు అప్పుడు తెలిసింది. టిక్కు పెట్టేవాళ్ళకు చెవులు కావాలి. చదివేవాడికి అక్కర్లేదు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషిని ఎవరూ ఏమీ అడగలేరు కూడా.

ఫోన్ ఎత్తడని, ఎత్తినా ఒకటి అడిగితే ఒకటి చెప్తున్నాడని తల్లిదండ్రుల ఫిర్యాదులు అప్పటికే ప్రిన్సిపాల్ దాకా వెళ్ళాయి. షారోన్ భూపాల్ సారు దగ్గరికి పరుగెత్తింది.

“మళ్ల నా పక్కకే పంపుండ్రి సార్. నేను చూసుకుంట.”

“ఇనవడనోన్ని యాడ కూసోవెట్టాలమ్మా? నీ పని నువ్వు చూస్కో.”

నెలాఖరుకు కాంట్రాక్టు ఆపేశారు. వెళ్ళే రోజు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఆయన అన్నాడు:

“నా పేరు చెప్పింది నువ్వేనంట గదా బిడ్డా, మంచిగ మాట్లాడుతడని. ఇన్నేండ్ల సంది ఒక్కలు గూడ నా గురించి అట్ల చెప్పలే. నేనే నిలవెట్టుకోకపోతి.”

“అట్ల కాదు సార్, నేను...” తల వంచుకుని మొత్తం చెప్పేసింది. తలెత్తేసరికి ఆయన సంచీ సర్దుకుంటూనే ఉన్నాడు. ఆమె మొహం ఆయనకు కనబడనే లేదు. రెండోసారి చెప్పే ధైర్యం ఆమెకు చాలలేదు.

షారోన్ ఉద్యోగం ఖాయమైంది. ఆ ఆదివారం చర్చి సంఘంలో ఎవరి కోసం ప్రార్థన చేయాలో అడిగినప్పుడు లేచి నిలబడి ఆయన పేరు చెప్పింది. ఎందుకో చెప్పలేక కూర్చుండిపోయింది.

చేవెళ్ల నర్సింహులు. మీరు ఏ దేవునికి మొక్కేవారైనా, ఆయనను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.