కింది వరస సింహాలు

వాన పడే రోజు చూసుకుని, రాజుల కాలంనాటి రాతి కొలువుకూటానికి బయల్దేరిన మనిషిని ఆ డ్రైవరు పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ ఎక్కించుకోలేదు. అందులో అతని తప్పేమీ లేదు. ఎండ కాస్తేనే ఫొటోలు బాగా వస్తాయి, ఫొటోలు బాగా వస్తేనే జనం వస్తారు. మబ్బు పట్టిందంటే టూరు బస్సు వాళ్లు ఫోను కూడా ఎత్తరు. అందుకే ఆవిడ కారు మాట్లాడుకుంది. వారం ముందే ఫోన్ చేసి, గట్టి వాన వచ్చేలా ఉన్న రోజు కబురు చేస్తాను, ఆ రోజు రావాలి అని చెప్పింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని అతను సరేనన్నాడు. శనివారం తెల్లారగానే ఫోన్ మోగేసరికి తప్పించుకునే దారి లేకపోయింది.

ఆవిడ మేస్త్రి. తాపీ పట్టి ఇరవై ఎనిమిదేళ్లయింది. అందరూ మేస్త్రమ్మ అనే పిలుస్తారు, ఇంట్లో మొగుడితో సహా. కారే కప్పులు బాగుచేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. కిందినుంచి ఒక్కసారి తలెత్తి చూసి, నీళ్లు ఎక్కడ దిగి ఎక్కడిదాకా పాకాయో చెప్పేస్తుంది. అలాంటి మనిషికి ఒక్క గోడ మాత్రం రెండేళ్లుగా లొంగడం లేదు. అది బడిలో రెండో గదికీ మూడో గదికీ మధ్య ఉన్న గోడ. ఆ రెండు గదుల స్లాబులూ సరిగ్గా ఆ గోడ మీదే కలుస్తాయి. వాన పడితే చాలు, గోడ పైనుంచి కింది దాకా చెమ్మగిల్లి, నల్లబల్ల మీద రాసింది రాసినట్టే చెరిగిపోతుంది. ఆ అతుకు మీద ఆవిడ ఒకసారి తారు పోసింది, ఒకసారి సిమెంటు పట్టించింది, మూడోసారి డబ్బా రెండు వేలు పెట్టి ఏదో రసాయనం పూసింది. వాన వాటికేమీ మొహమాటపడలేదు.

చివరికి బడి కమిటీ విసిగిపోయింది. సోమవారం మనుషులొచ్చి రెండు స్లాబులూ పగలగొట్టి రేకులు వేస్తారు. అదైనా ఆవిడ ఓర్చుకునేదేమో. కానీ ఆ స్లాబులు పోసింది ఆవిడ తండ్రి. ఆయన పోయి అయిదేళ్లయింది. కమిటీలో ఎవరో పెద్దమనిషి, "ఆ ముసలాయన చేతిపనే అంతలే" అన్నాడట. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆ మాట విన్న రోజు ఆవిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

కొలువుకూటం ఆలోచన ఎలా వచ్చిందంటే, ఒక ఇంటి కప్పు పనికి వెళ్లినప్పుడు గోడకున్న క్యాలెండరు కంటబడింది. కొలువుకూటం బొమ్మ కింద, వెయ్యేళ్లుగా లోపల ఒక్క చుక్క కారలేదని రాసి ఉంది. వెయ్యేళ్లు! తన పూత ఒక్క వానాకాలం నిలవలేదు. ఆ రాళ్ల అతుకుల్లో వాళ్లు ఏం పెట్టారో కళ్లారా చూడాలి. అదీ వానలో చూడాలి. ఎండలో ప్రతి కప్పూ పతివ్రతే.

మొగుడు వీధిగదిలో మిషను ముందు కూర్చుని బట్టలు కుడతాడు. ఆయన మిషను ఆపకుండానే, కొండను తవ్వి ఎలుకను పట్టడానికి కారు కూడానా అన్నాడు. తర్వాత ఆయనే, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పెళ్లయిన వారానికే తెలిసిందిలే అంటూ, గొడుగుకి ఊడిన గుడ్డను పుల్లకు కుట్టి చేతికిచ్చాడు.

కారెక్కేటప్పుడు ఆవిడ పనిసంచి డిక్కీలో పెట్టింది. సుత్తి, ఉలి, తాపీ, మట్టం చూసే గొట్టం అన్నీ అందులోనే. ఆ సంచి లేకుండా ఆవిడ పెళ్లిళ్లకు కూడా వెళ్లదు.

డ్రైవరు మాటకారి. మూడు గంటల దారిలో కొలువుకూటం చరిత్ర అంతా వల్లించాడు. దాన్ని కట్టించిన రాజుకు నిద్ర పట్టేది కాదన్నాడు, చెక్కిన శిల్పికి ఆరు వేళ్లన్నాడు. చివరికి ఆ చుక్క కారని కప్పు దగ్గరికి వచ్చాడు. నువ్వెప్పుడైనా వానలో చూశావా అని ఆవిడ అడిగింది. వానలో ఎవరొస్తారమ్మా అన్నాడతను. చూడకుండానే చెబుతున్నావన్న మాట అంది ఆవిడ. డ్రైవరు రేడియో పెట్టుకున్నాడు.

అక్కడికి చేరాక అతను తన అలవాటు ప్రకారం ముందు మెట్ల దగ్గర ఫొటో తీస్తానన్నాడు. ఆ తర్వాత రాతిబొమ్మల దుకాణం. అది వాళ్ల బావమరిదిదే. ఆవిడ రెండింటికీ తల అడ్డంగా ఊపి, గొడుగు చంకన పెట్టుకుని, తిన్నగా వెనకవైపుకు నడిచింది. గేటు దగ్గర గార్డు, చెక్కడాలన్నీ ముందువైపే ఉన్నాయని చెప్పబోయాడు. నీళ్లు ఎటు పోతాయని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. వాలు వెనక్కే ఉందని ఒప్పుకున్నాడు.

వెనకగోడ ఎత్తు చూస్తే మెడ పట్టేస్తుంది. చూరు కింద బారుగా సింహం తలలు, ఒక్కొక్కటి బిందె అంత, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటికి మూరెడు కింద ఇంకో వరస. అవి పిడికిలంత తలలు, నోళ్లు కూడా చిన్నవే. పెద్దవి తల్లులనీ, చిన్నవి పిల్లలనీ, గర్జించడం ఇంకా రాక నోళ్లు సగమే తెరిచాయనీ డ్రైవరు చెప్పాడు. ఈ కథకు పిల్లలున్న వాళ్లు తప్పకుండా నవ్వుతారట. ఆవిడ నవ్వలేదు. రెండో వరస ఎందుకు అని మాత్రం గొణుక్కుంది. నోరున్న ప్రతిదానికీ ఏదో పని ఉంటుందని ఆవిడ నమ్మకం, డ్రైవరు విషయంలో తప్ప.

మబ్బు దిగి ఉంది గాని చినుకు లేదు. గంట గడిచింది. డ్రైవరు రెండుసార్లు దుకాణం సంగతి, మూడుసార్లు భోజనం సంగతి ఎత్తాడు. ఆవిడ ఒక రాతిమీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్నది అతనికి సగం పెట్టి, తను సగం తిని, మళ్లీ గోడకేసి చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గాలి ఆగింది. ఆ వెంటనే వాన కుండపోతగా దిగింది. గార్డు, డ్రైవరు లోపలికి పరిగెత్తారు. ఆవిడ గొడుగు తెరిచి బయటే నిలబడింది.

పెద్ద సింహాలు ఒక్కుమ్మడిగా నీళ్లు కక్కడం మొదలుపెట్టాయి. చూడటానికి గొప్పగానే ఉంది గాని, ఆవిడకు అందులో కొత్తేమీ కనపడలేదు. కప్పు మీది నీళ్లు తూముల్లోంచి పడుతున్నాయి, అంతే. లోపలికి వెళ్లి తలెత్తి చూసింది. కప్పు పొడిగా ఉంది. అతుకుల్లో ఏం పెట్టారని గార్డుని అడిగింది. ఏమీ పెట్టలేదు, రాతిమీద రాయి పేర్చారంతేనన్నాడు. మొన్నామధ్య పరీక్ష చేయడానికి వచ్చినవాళ్లు కూడా ఆ మాటే తేల్చారట. ఏమీ పెట్టకపోతే నేర్చుకునేదేముంది? సోమవారం సుత్తులు దిగుతాయి. నాన్న పోసిన స్లాబు ముక్కలై లారీ ఎక్కుతుంది. చీర కొంగు పిండుకుంటూ అక్కడే స్తంభానికి ఆనుకుంది.

ముప్పావుగంటకు వాన వెలిసింది. డ్రైవరు తాళాలు తీశాడు. దారిలో వంతెన మీదికి నీళ్లు ఎక్కితే చుట్టు తిరిగి పోవాలి, ఇప్పుడే బయల్దేరితే దాటేస్తామన్నాడు. ఆవిడ కదల్లేదు.

"వాన ఆగిపోయిందమ్మా. ఇంక చూడ్డానికేముంది?"

"కప్పు సంగతి వాన ఆగాకే తెలుస్తుంది, బాబూ. చుట్టుదారే పోదాం. అరగంట ఆగు."

మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడింది. పై వరస సింహాల ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. అంతా సద్దుమణిగిందనుకునేలోపు, కింది వరసలో ఒక పిల్ల సింహం నోట్లోంచి నీళ్లు జారాయి. తర్వాత పక్కదాన్లోంచి. ఆ తర్వాత అన్నిట్లోంచీ. ఆకాశంలో చినుకు లేదు, పై తూములు ఎండిపోయాయి, అయినా కింది వరస మాత్రం సన్నని ధారగా, తీరిగ్గా కారుతూనే ఉంది. డ్రైవరు తాళాలు జేబులో వేసుకున్నాడు. ఇదేంటమ్మా అని మెల్లగా అడిగాడు.

ఆవిడ గార్డుని పిలిచి, పైనుంచి పడిన రాయి ఏదైనా ఉందా అని అడిగింది. ప్రాంగణం మూలన ఒక విరిగిన రాతి దూలం ఉంది, మీద తెల్లరంగుతో అంకె వేసి ఉంది. పైముఖం మీద, ఈ కొన నుంచి ఆ కొన దాకా, నాలుగు వేళ్ల వెడల్పున గాడి చెక్కారు. కప్పురాళ్ల అతుకు సరిగ్గా ఆ గాడి మీదికి వస్తుంది. అంటే అతుకులోంచి నీళ్లు దిగుతాయి. వెయ్యేళ్లుగా దిగుతూనే ఉన్నాయి. దిగుతాయని వాళ్లకు తెలుసు. తెలిసే, దిగిన నీళ్లు దూలం మీది గాడిలో పడి, గోడలోంచి పారి, చిన్న నోళ్లలోంచి బయటికి పోయేలా కట్టారు.

ఆవిడ ఆ గాడిలో అరచెయ్యి పెట్టింది. ఆ వంపు ఆవిడ చేతికి తెలుసు. పద్దెనిమిదేళ్ల వయసులో, బడి మూడో గది కట్టేటప్పుడు, నాన్న ఆ గోడ నెత్తిన తడి సిమెంటు మీద ఖాళీ సీసా ఒకటి పడుకోబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కుతూ లాగాడు. అరచేత్తో నున్నగా చెయ్యమని కూతురికి చెప్పాడు. ఎందుకని అడిగితే, చెయ్యమంటే చెయ్యి అన్నాడు. నాలుగు మాటలు చెప్పడానికి బదులు నాలుగు గంటలు పనిచేసే మనిషి ఆయన. ఆ గోడ చివర, బయటివైపు చూరు కింద, పిడికిలి పట్టేంత కన్నం ఒకటి ఉండేది.

ఉండేది. రెండేళ్ల కిందట పిచ్చుకలు గూడు పెట్టి గడ్డి రాలుస్తున్నాయని బడివాళ్లు చెబితే, పనివాళ్లు నిలబడేందుకు గోడలో దూర్చిన సారవ కర్ర తీశాక నాన్న మూయడం మరిచిన కన్నమనుకుని, నిచ్చెనెక్కి, సిమెంటు కూరి, బొటనవేలితో అదిమి మూసింది తనే. ఆ ఏటి వానలకే గోడ కారడం మొదలైంది.

ఆవిడ ఆ దూలం మీదే కూలబడింది. ఒకటే నవ్వు. నవ్వుతుంటే కళ్లవెంట నీళ్లు. "పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానయ్యా," అంది.

వంతెన మునిగింది. చుట్టుదారిలో వస్తూ సంగతంతా చెప్పింది. డ్రైవరు బతకనేర్చిన మనిషిగా ఒక సలహా ఇచ్చాడు. "ఆ కన్నం సంగతి ఎవరికీ తెలీదు కదక్కా. కొలువుకూటం చూసొచ్చి కొత్త తూము పెట్టానని చెప్పండి. గోడా ఆరుద్ది, పేరూ మీకే వస్తుంది." ఉదయం నుంచి అమ్మా అన్నవాడు అక్కా అన్నాడు. మంచి సలహానే. పొరపాటు తనదని తెలిస్తే ఊళ్లో రేపట్నుంచి కప్పు ఎక్కించేవాళ్లు పదిసార్లు ఆలోచిస్తారు. ఆవిడ కిటికీలోంచి తడిసిన పొలాలు చూసింది. ఇంటికి కాదు, తిన్నగా బడికి పొమ్మంది.

బడి చేరేసరికి ఆరు కావస్తోంది, వెలుతురింకా ఉంది. అక్కడా వాన పడింది. హెడ్మిస్ట్రెస్ ఉండేది ఆ ఆవరణలోనే. ఆవిడ మూడో గదిలో గోడ వారన బకెట్లు సర్దుతోంది. మేస్త్రమ్మ నిచ్చెన అడిగితే, ఎల్లుండి పగలగొట్టే కప్పుకి ఇప్పుడెందుకమ్మా అంటూనే తెచ్చి ఇచ్చింది. డ్రైవరు నిచ్చెన పట్టుకున్నాడు. మేస్త్రమ్మ పైకెక్కి, చూరు కింద తడిమి, ఆ చోటు పట్టుకుంది. సిమెంటు మీద తన బొటనవేలి ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. దాని నడిమధ్యన ఉలి ఆనించింది.

ఏడో దెబ్బకు బిరడా ఊడింది. ముందు కుళ్లిన గడ్డి వచ్చింది, తర్వాత బురద, ఆ వెనక నీళ్లు. మోచేతి మీదుగా కారి, జాకెట్టు తడిపి, కింద డ్రైవరు నెత్తిన పడ్డాయి. అతను నిచ్చెన వదల్లేదు.

హెడ్మిస్ట్రెస్ ఆ ధారకేసి, లోపలి గోడకేసి మార్చి మార్చి చూసింది. నెమ్మదిగా అర్థమైంది. సోమవారం పని ఆపించాలంటే రేపే కమిటీకి కాగితం రాయాలి, కారణం అడుగుతారు, ఏమని రాయమంటావని అడిగింది. డ్రైవరు కింది నుంచి మేస్త్రమ్మ మొహంలోకే చూస్తున్నాడు.

ఆవిడ నిచ్చెన దిగి, ఉలి తుడిచి సంచిలో పెట్టుకుంది.

"స్లాబు పోసినాయన నీళ్లకు దారి పెట్టాడు, ఆయన కూతురు తెలీక మూసింది అని రాయండి, మేడమ్. నా పేరు కింద గీత కూడా పెట్టండి. ఆ పెద్దమనిషికి చదవడానికి వీలుగా ఉంటుంది."

హెడ్మిస్ట్రెస్ కాగితం కోసం లోపలికి వెళ్లింది. డ్రైవరు చొక్కా పిండుకున్నాడు. కన్నంలోంచి నీళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మేస్త్రమ్మ వాటి కింద చేతులు కడుక్కుంది.