చాడీ చెప్పిన లెన్సు

పెళ్ళికూతురి తల్లి చుట్టుకోవాల్సిన ఎర్ర పట్టు తలగుడ్డ మంచం మీద పరిచి ఉంది. దాని మీద మూడు లెన్సులు పురిటి పిల్లల్లాగా పడుకుని ఉన్నాయి. వాటి ముందు ఒబియోరా మోకాళ్ళ మీద కూర్చుని ఒకదాన్ని ఎత్తడం, ఊదడం, తుడవడం, పెట్టడం, మళ్ళీ ఇంకోదాన్ని ఎత్తడం. తెల్లారిన దగ్గర్నుంచీ ఇదే పని.

"ఏమయ్యా, అది నా తలగుడ్డ," అంది అకున్నా గుమ్మంలో నిలబడి.

"మెత్తగా ఉందని వేశాను."

"నా నెత్తీ మెత్తగానే ఉంటుంది. తియ్యి."

తియ్యలేదు. ఆవ్కా ఊళ్ళో అతను పెళ్ళి ఫోటోలు తియ్యని వీధి లేదు. ఎవరి కూతురికో, ఎవరి చెల్లెలికో తీస్తూనే తల నెరిసింది. ఇవాళ పెద్దకూతురు ఉజోమా పెళ్ళి. తండ్రి తన చేత్తో కల్లు బుర్ర ఇస్తాడు. పిల్ల ఆ బుర్ర పట్టుకుని జనంలోకి వెళ్ళి, ఎక్కడో దాక్కున్న పెళ్ళికొడుకుని వెతికి పట్టుకుని, మోకరించి తాగించాలి. అతను తాగితేనే పెళ్ళి. వెతుకుతున్న పిల్ల మొహం ఒకలా ఉంటుంది, దొరికాక ఇంకోలా ఉంటుంది. ఆ రెంటికీ నడుమ రెప్పపాటు కాలంలో ఒక మొహం వచ్చి పోతుంది. ఒబియోరాకి అన్నం పెట్టింది ఆ రెప్పపాటే. ఊళ్ళో అందరి కూతుళ్ళ మొహాలూ పట్టినవాడు సొంత కూతురిది వదులుకుంటాడా?

చిక్కల్లా ఒక్కటే. పెళ్ళికూతురి తండ్రి పెద్దల వరసలో తండ్రి కుర్చీలో కూర్చోవాలి. లేచి తిరక్కూడదు.

"ఇంకొకణ్ణి పిలవచ్చుగా," అంది అకున్నా. ఈ మాట ఇప్పటికి చాలాసార్లు అంది.

"ఎవణ్ణి? ఒకడు కాళ్ళు నరికేస్తాడు. ఒకడు ప్రతి పెళ్ళాం మొగుడి వెనకా దొంగ సూర్యాస్తమయం అతికిస్తాడు. మూడోవాడు అన్నాలు వడ్డించేచోటే ఉంటాడు, వాడి ఫోటోల నిండా కూర గిన్నెలే."

"నీకు ఎవరూ నచ్చరు. నేనైనా మా నాన్న చెప్పాడని నచ్చాను."

ఒబియోరా నవ్వలేదు. ఆమె ఎటు చూస్తోందో అతనికి తెలుసు. ముందు గది గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో ఉంది. అకున్నా అతన్ని వెతికి పట్టుకున్న క్షణం అది. అందులో అకున్నా లేదు, ఒబియోరా లేడు. ఫోటో తీసేవాడు లెన్సు మార్చుకుంటూ ఆలస్యం చేశాడు, ఈలోగా ఒబియోరా బాబాయి ఉమేయాది ఆనందం పట్టలేక అడ్డంగా వచ్చి గంతేశాడు. ఫోటో నిండా ఉమేయాది వీపే. ఆ వీపుకి అద్దం కట్టించి గోడకి తగిలించింది అకున్నాయే. ఇంటికెవరొచ్చినా చూపించి, "ఇదే మా పెళ్ళి," అంటుంది. పాతికేళ్ళుగా అంటోంది. ఒబియోరా కెమెరా పట్టింది ఆ పెళ్ళి మర్నాడే.

"చూడు, ఉజోమా నాన్నా," అంది ఆమె, ఇప్పుడు గొంతు తగ్గించి. "నాకు పట్టుబట్టలొద్దు, నగలొద్దు. నా కూతురు మొహం కావాలి. ఈ ఇంట్లో ఇంకో వీపు తగిలించను."

అందుకే అతను పొడుగు లెన్సు ఎత్తాడు. రోకలంత ఉంటుంది, బరువూ అంతే. కుర్చీలోంచి కదలకుండా మైదానం అవతల ఉన్న మనిషి కనుబొమ్మలు లెక్కపెట్టొచ్చు. మధ్యరకం లెన్సుని డబ్బాలో పెట్టేశాడు. చిట్టి లెన్సుని మాత్రం, అంచున నల్లరంగు రాలిపోయిన పాతదాన్ని, ఎందుకో జేబులో వేసుకున్నాడు. దానితో తియ్యాలంటే మనిషి పక్కకి వెళ్ళి నిలబడాలి. తండ్రి కుర్చీకి అది పనికిరాదు.

"ఇదే," అన్నాడు.

"అమ్మయ్య," అని అకున్నా తలగుడ్డ లాక్కుంది. మంచం మీద మిగిలిన లెన్సు మూత ఎగిరి బీరువా కిందికి పోయింది.

మధ్యాహ్నానికి షామియానాల కింద కుర్చీలన్నీ నిండాయి. అతిథి మర్యాదగా కోలా కాయలు విరిచి పంచారు, ఆశీర్వచనాలయ్యాయి. మేకమాంసం పులుసు ఘాటుకి సగం మంది ముక్కులు తుడుచుకుంటున్నారు. ఒబియోరా తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో రోకలి.

పక్కనే ఉమేయాది. వంశంలో ఇప్పుడాయనే పెద్ద. ఎర్ర టోపీ, చేతిలో విసనకర్ర. వీపు ఇంకా పెరిగింది.

"ఒరేయ్ ఒబియోరా, కూతుర్ని ఇస్తున్నావా, ఏనుగుని కాలుస్తున్నావా?"

"ఫోటో కోసం, బాబాయ్."

"మీ ఆవిడ ఇంకా ఆ ఫోటో తియ్యలేదట గోడ మీంచి?"

"తియ్యలేదు."

"మంచి వీపది," అన్నాడు ఉమేయాది తృప్తిగా.

ఉజోమా వచ్చి తండ్రి ముందు మోకరించింది. మెళ్ళో, చేతులకీ, జుట్టులోనూ పగడాలు. ఒబియోరా బుర్రలో కల్లు పోసి, ఒక గుక్క తాగి, దీవించి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చాక కూడా బుర్ర వదల్లేదు. ఇంతమంది తండ్రులు ఇలాగే బుర్ర వదలకపోతే ఫోటో ఆలస్యమవుతోందని విసుక్కున్నవాడే.

"నాన్నా, నా మొహానికి చెమట పట్టింది. మెరుస్తానేమో," అంది పిల్ల గుసగుసగా. స్టూడియోలో పెరిగిన పిల్ల మరి. లెన్సుల డబ్బాలు పేర్చి ఇళ్ళు కట్టుకుని ఆడుకుంది.

"మెరువు. నేను చూసుకుంటాను."

ఆమె లేచింది. డప్పులు, జంట గంటలు ఊపందుకున్నాయి. ఎర్ర తలగుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు వెనక ఆడుతూ కదిలారు. వాళ్ళలో అకున్నా ఉంది. జనంలోంచి మగాళ్ళు కేకలు మొదలుపెట్టారు.

"ఇటు రా తల్లీ, దాహంతో పోతున్నాను!"

"వాడు పారిపోయాడు, నేనున్నాను! నాకు వంట కూడా వచ్చు!"

"వాడి వంట తిని వాడి కుక్కే ఇల్లు వదిలిపోయింది, నమ్మకు!"

ఉజోమా నవ్వుతూ ఒకడికి బుర్ర ఇవ్వబోయినట్టు చేసి లాగేసుకుంది. జనం గోల. ఈలోగా ఒబియోరా పొడుగు లెన్సు కంటికి ఆనించి మైదానం అంతా గాలించాడు. మొహం దొరకాలంటే ముందు చోటు తెలియాలి, చోటు తెలిస్తే ఫోకస్ అక్కడ కట్టేసి కూర్చోవచ్చు. కుర్చీ వెనక కుర్చీ, టోపీ వెనక టోపీ. ఆఖరికి వాద్యగాళ్ళలో, పెద్ద డోలు వెనక, ఎవరిదో చెమట మరకల టోపీ ముక్కుదాకా లాక్కుని కూర్చున్న అల్లుడు లోటన్న దొరికాడు. కాళ్ళకి మాత్రం పెళ్ళి బూట్లు తళతళలాడుతున్నాయి. ఇక ఫర్వాలేదనుకున్నాడు ఒబియోరా. లెన్సుని డోలు మీద నిలిపి, కదలకుండా ఊపిరి బిగబట్టాడు.

అప్పుడు ఉజోమా ఒక్కసారి తండ్రి వైపు చూసింది. ఏ పిల్లయినా చూస్తుంది. కానీ ఈ పిల్ల లెన్సు ఎటు తిరిగి ఉందో చూసింది. ఆ గొట్టం దారినే చూపు పోనిచ్చింది. మరుక్షణం దారిలో కేకలేసే మగాళ్ళని పట్టించుకోకుండా, బుర్ర తొణక్కుండా, సూటిగా డోలు దగ్గరికి నడిచింది.

"ఆగు!"

ఉమేయాది కేకకి డప్పులు ఆగిపోయాయి. ఆయన లేచి విసనకర్రతో ఒబియోరా లెన్సు మీద టక్కున కొట్టాడు.

"చూశారా? ఈ నల్ల గొట్టం చాడీ చెప్పింది! తండ్రే దారి చూపించాడు! ఇదెక్కడి వెతకడం? రేపు మన పిల్లలందరూ ఫోటోగ్రాఫర్ని అడిగి మొగుణ్ణి తెచ్చుకుంటారు!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. లోటన్న డోలు వెనక్కి ఇంకా కుంగిపోయాడు.

"తాతా, నా తప్పేం లేదు! కళ్ళున్నాయి కాబట్టి చూశాను," అంది ఉజోమా.

"నీది కాదు, వీడిది. తప్పు కింద ఒక మేక. ఆట మళ్ళీ మొదటినుంచి. ఈసారి వాణ్ణి నేనే దాస్తాను. తండ్రి చేతిలో కెమెరా ఉండకూడదు."

"బాబాయ్, మేక ఒకటి కాదు, రెండిస్తాను. కెమెరా మాత్రం..."

"ఒక మేకంటే రెండు మేకలంటాడు. కెమెరా!"

కెమెరాకున్న పొడుగు లెన్సుని ఉమేయాది తానే విప్పబోతే ఒబియోరా అడ్డుపడి, గీతలు పడతాయని తనే విప్పి ఇచ్చాడు. ముసలాయన దాన్ని మేక తొడలాగా ఒళ్ళో పెట్టుకున్నాడు. లెన్సు లేని కెమెరా ఒబియోరా చేతిలో నోరు తెరుచుకుని ఉంది. పిల్ల మొహం పోయింది. ఇంకో పాతికేళ్ళు గోడ మీద ఏం తగిలిస్తుందో అకున్నా.

ఆమే వచ్చింది. చెమటతో, రొప్పుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఏం చేద్దాం?"

జేబులో చెయ్యి పెడితే చిట్టి లెన్సు తగిలింది. అతను దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ఎర్ర తలగుడ్డల ఆడవాళ్ళు పిల్ల వెనకే ఉంటారు. పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి. వాళ్ళనెవరూ ఆపరు.

"నువ్వు తియ్యి," అన్నాడు, చిట్టి లెన్సుని కెమెరాకి బిగిస్తూ.

"నేనా? ఎండు రొయ్యలు అమ్ముకునేదాన్ని!"

"రొయ్యలు తూచే చెయ్యి వణకదు. ఇదిగో, వెలుతురు కట్టేశాను, ఫోకస్ కట్టేశాను. నీకూ పిల్లకీ మధ్య రెండు చేతుల దూరం, అంతే. పిల్ల దగ్గరగా వస్తే నువ్వు వెనక్కి జరుగు. ఇది నొక్కు. నొక్కుతూనే ఉండు."

"కన్ను దీంట్లో పెట్టాలా?"

"వద్దు. గుండెల దగ్గర పట్టుకుని ఆడు. ఇది వెడల్పు చూపు లెన్సు, ఎదురుగా ఉన్నదంతా దీంట్లో పడుతుంది."

"మామయ్యా, ఇదేమన్నా తప్పా?" అని ఉమేయాదిని అడిగింది అకున్నా, అందరికీ వినబడేట్టు.

ముసలాయన చిట్టి లెన్సుని కిందికీ పైకీ చూశాడు. "ఇది ఎవరికీ ఏమీ చెప్పలేదు. పో."

ఉజోమాని ఇంట్లోకి తీసుకెళ్ళి తలుపేశారు. ఒబియోరా కళ్ళకి ఉమేయాది స్వయంగా విసనకర్ర అడ్డం పెట్టాడు. తీసేసరికి మైదానంలో ఎక్కడా లోటన్న లేడు.

రెండోసారి వెతుకులాట మొదటిదానికంటే బాగుంది. ఈసారి జనానికి పందెం ఊపు పట్టింది. ఉజోమా డోళ్ళ వెనక చూసింది, వంటలవాళ్ళ దగ్గర చూసింది, చిన్నపిల్లల మధ్య వంగి చూసింది. తండ్రి వైపు మాత్రం చూడలేదు, మళ్ళీ మేక పడుతుందని. అకున్నా గుండెల దగ్గర కెమెరా పట్టుకుని, వెనక్కి వెనక్కి ఆడుతూ, నొక్కుతూనే ఉంది. ఒక కుర్చీ పడేసింది, ఒకాయన పులుసు ఒలకబోసింది. ఒబియోరా ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళ మీద, చంకల్లో, ఆఖరికి తల మీద పెట్టుకున్నాడు. కెమెరా లేకుండా పెళ్ళి చూడటం అతనికి కొత్త. కూతురు అంత అందంగా నడుస్తుందని తెలీదు.

పెద్దల వరసలో ముక్కుపొడుము డబ్బా చేతులు మారుతోంది. ఉమేయాది ఒక చిటికె పీల్చి వెనక్కి అందించాడు. వెనక కూర్చున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరూ పీల్చారు. సరిగ్గా ఒబియోరా కుర్చీ వెనక, చారల ఉన్ని టోపీ, దుప్పటి, చేతికర్రతో వంగి కూర్చున్న ముసలాయన దగ్గర డబ్బా ఆగింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"పెద్దల డబ్బా కాదంటావా?" అన్నాడు పక్కాయన కోపంగా.

ఏం చేస్తాడు, పీల్చాడు.

ఆ తుమ్ముకి ఉన్ని టోపీ ఎగిరి ఒబియోరా భుజం మీద పడింది. వెంటనే రెండో తుమ్ము. చేతికర్ర ఒకవైపు, దుప్పటి ఒకవైపు. దుప్పటి కింద తళతళలాడే బూట్లు.

అంత గోలలోనూ ఆ తుమ్ము ఉజోమాకి తెలిసింది. నాలుగేళ్ళ పరిచయం మరి. గిరుక్కున తిరిగింది. పరుగెత్తింది, పెళ్ళికూతురు పరుగెత్తకూడదన్న సంగతి మర్చిపోయి. అకున్నా ఆమె ముందు వెనక్కి పరుగెత్తి, కుర్చీల దగ్గర పక్కకి తప్పుకుంది, నొక్కుతూనే. ఒబియోరా ఏం జరుగుతోందో తెలీక, కూతురు తనకేసే వస్తోందనుకుని లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని దాటి, అతని కుర్చీ పక్కనే మోకాళ్ళ మీద పడి, కళ్ళనిండా నీళ్ళతో తుమ్ముతున్న పెళ్ళికొడుకు నోటికి బుర్ర అందించింది. లోటన్న తాగాడు. సగం కల్లు ముక్కులోంచి వచ్చింది. అయినా పెళ్ళి పెళ్ళే.

ఉమేయాది నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. "నేను దాచినచోటు బ్రహ్మాండం! ముక్కు ద్రోహం చేసింది!"

డప్పులు మళ్ళీ మొదలయ్యాక, ఒబియోరా భార్య చేతిలోంచి కెమెరా తీసుకుని కుర్చీ వెనక్కి వెళ్ళాడు. తెరమీద ఒక్కొక్క ఫోటో వెనక్కి తిప్పుతున్నాడు. ఆకాశం. ఎవరిదో మోచెయ్యి. పులుసు. గడ్డి. షామియానా గుంజ. గుంజ. మళ్ళీ గుంజ.

"ఉందా?" అంది అకున్నా భుజం మీంచి.

ఉంది.

వంకరగా ఉంది, పడవ ఒరిగినట్టు. నట్టనడుమ ఉజోమా మొహం. వెతుకుతున్నదీ కాదు, దొరికినదీ కాదు, ఆ రెంటి నడుమది. చెమటకి మెరుస్తోంది. ఎదురుగా తుమ్ముకి నోరు తెరుచుకున్న లోటన్న. వాళ్ళిద్దరి పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, భుజం మీద ఎవరిదో ఉన్ని టోపీతో, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, పిచ్చివాడిలా నవ్వుతున్న ఒక నెరిసిన తల మనిషి.

ఒబియోరాకి అతనెవరో పోల్చుకోడానికి కాస్త సమయం పట్టింది. ఇంట్లో ఉన్న పెళ్ళిళ్ళ ఫోటోల్లో, పిల్లల పుట్టినరోజుల్లో ఎక్కడా ఆ మనిషి లేడు. ఎప్పుడూ కెమెరాకి ఇవతలే ఉన్నాడు. పొడుగు లెన్సుకి ఇంత దగ్గరలో ఏదీ కనపడదు, అంతా మసకే. ఆ రోకలి ఒళ్ళో ఉండి ఉంటే ఫోటోలో ఈ ముగ్గురిలో ఒక్కరూ ఉండేవారు కాదు.

"నీ పళ్ళు బానే ఉన్నాయే," అంది అకున్నా. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?"

అతను కళ్ళు తుడుచుకుని, ముక్కుపొడుము ఘాటన్నాడు. ఆమె నమ్మినట్టు తలూపి, కెమెరాని వెలుతురుకి తిప్పి ఇంకా దగ్గరగా చూసింది. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా గట్టిగా అరిచింది.

"మామయ్యా!"

ఫోటో ఎడమ అంచున, ఆనందం పట్టలేక గంతెయ్యడానికి లేచిన ఎర్ర టోపీ. దాని కింద నిండుగా, పెరిగి పెద్దదైన అదే వీపు.