పగడం ఎందుకు పెరగడం లేదు

ఆ ఇంట్లో ఒంట్లో బాగుండకపోయే హక్కు ఒక్క పగడాలకే ఉండేది. మనుషులకు వచ్చేవన్నీ వట్టి అనుమానాలు.

ఇంటాయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారులో ఏ కొట్టువాడి కాటా ఎంత దొంగదో దూరం నుంచి చూసి చెప్పగలడు. కొలిచిందే నిజం, కొలవనిది కబుర్లు అన్నది ఆయన మతం. హాల్లో ఒక గోడంతా ఆక్రమించుకుని ఆయన అద్దాల తొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్ళు, పైన నీలం దీపాలు, అడుగున రాళ్ళు, ఆ రాళ్ళ మీద బతికున్న పగడాలు. ఉంగరంలో పొదిగించుకునే రకం కాదు. కొమ్మలు వేసి చివుళ్ళు తొడిగి చూస్తుండగా ఎదగవలసిన ప్రాణులు. ఎదగవలసినవే గాని ఎదగడం లేదు, అదీ గొడవ.

ఆ తొట్టె పక్కన, కిటికీ కింద, ఇంటావిడ బల్ల. ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ ఒక ప్రెస్సుకి ప్రూఫులు దిద్దుతోంది. అన్నీ బడిపిల్లల పుస్తకాలు. ఒకప్పుడు ఆ కిటికీలోంచి వెలుతురూ గాలీ వచ్చేవి. తొట్టె దిగిన వారానికే ఆయన ఆ కిటికీ మూసేశాడు. ఎండ తగిలితే పాచి పడుతుందట, దుమ్ము పడితే నీళ్ళు పాడవుతాయట, వేడి గాలి వస్తే పగడాలు ఓర్చుకోలేవట. మూయడమంటే గడియ పెట్టి ఊరుకోవడం కాదు. రెక్కల చుట్టూ సిలికాన్ గమ్ము పట్టించి, మీద టేపు వేసి, చీమ దూరే సందు కూడా లేదని వేలితో తడిమి చూసుకుని మరీ మూశాడు. వంటింటి కిటికీ తెరిచినా ఆ దుమ్ము హాల్లోకే వస్తుందని దానికీ అదే గతి పట్టించాడు.

అప్పటి నుంచి ఆవిడకు మధ్యాహ్నమయ్యేసరికి తల బరువెక్కేది. సాయంత్రానికి కణతలు పగిలిపోయేవి. అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగేవి. గాలి ఆడటం లేదండీ అని చెప్పింది. ఆయన గోడకున్న థర్మామీటరు చూసి, గది చల్లగానే ఉంది, నీకలా అనిపిస్తోందంతే అన్నాడు. మళ్ళీ చెప్పింది. కళ్ళు చూపించుకోమన్నాడు. చూపించుకుంది, అద్దాలు మార్చింది, ఆ తర్వాత ఇంకోసారి మార్చింది. మూడోసారి చెప్పబోతే, పొద్దస్తమానం ఇంట్లో కూర్చునేవాళ్ళకు ఇలాంటివి తోస్తుంటాయి అన్నాడు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఆవిడ ఏం చేస్తోందో ఆయనకు తెలియదు కాబోలు.

ఈలోగా సైన్సు పుస్తకం ఒకటి అచ్చయి వచ్చింది. అందులో చేపలు మొప్పలతో ఊపిరి పీల్చుకోవడానికి బదులు కొప్పులతో పీల్చుకుంటున్నాయి. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసిన పేజీ అది. ప్రెస్సు మేనేజరు మంచివాడే. పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పై తరగతి పుస్తకం ప్రూఫులు చేతికిచ్చాడు. దీంట్లో కూడా ఇలాంటిది దొర్లితే పని ఇంకొకరికి ఇవ్వక తప్పదమ్మా అన్నాడు. అరిచినా బాగుండేది. ఆవిడ దారి పొడుగునా ఆ కాగితాలు గుండెకు అదుముకుని ఇంటికొచ్చింది. తనకంటూ ఉన్నది ఆ పని ఒక్కటే, అదీ జారిపోతోంది.

ఆ రోజు ఇంట్లో ఈ మాట చెప్పడానికి సందు దొరకలేదు. పెద్ద పగడం కొమ్మల కొసలు పాలిపోయాయని ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

ఇక ఆ పగడానికి జరిగిన వైద్యం ఇంతా అంతా కాదు. ఉప్పు కల్తీదని కొట్టువాడి మీదికి వెళ్ళాడు. వాడి ఉప్పు తూచి, కరిగించి, కొలిచి చూస్తే బంగారంలా ఉంది. దీపాలు మార్చాడు. నీళ్ళు తిప్పే మోటార్లు మార్చాడు. సున్నం నీళ్ళు, క్షారం నీళ్ళు, ఇంకేవో చుక్కల మందులు పోసి పొద్దునా సాయంత్రం గాజు గొట్టాల్లో రంగులు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నీళ్ళు పులుపెక్కేకొద్దీ పడిపోయే పీహెచ్ అంకె ఒక్కటి తప్ప. అది మాత్రం ఎంత లేపినా కాసేపు లేచి మళ్ళీ చతికిలబడేది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ దాని పక్కన కూర్చున్నాడు. ఆవిడకు జ్వరమొచ్చినప్పుడు పెట్టని సెలవు అది. ఆ సంగతి ఆవిడ అనలేదు గాని ఎవరో ఒకరు అనాలి.

పగడాలు పెంచేవాళ్ళలో ఒక అలవాటుంది. మంచి కొమ్మ ఉంటే దాంట్లో ముక్క విరిచి ఇంకొకరికి ఇచ్చి ఉంచుతారు. తమది చస్తే వాళ్ళ దగ్గర మళ్ళీ ముక్క అడగవచ్చు. ఆయనా అలాగే ఒక ముక్క బావమరిదికి ఇచ్చాడు. అతను లారీల మెకానిక్కు. షెడ్డు చివర, మూడు వైపులా గోడల్లేని చోట, పాత తొట్టె ఒకటి పెట్టుకున్నాడు. అక్కడ ఆ ముక్క పిడికిలంత అయిందని తెలిసి ఇన్‌స్పెక్టరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదివారం కొలత సామాను పెట్టె పట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని, తనిఖీకి వెళ్ళినట్టే వెళ్ళాడు.

నీళ్ళలో ఉప్పు ఒక రోజులా ఇంకో రోజు ఉండదట. అద్దం తుడిచి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. ఏది కొలిచినా బావమరిది తొట్టె తప్పింది. ఒక్క పీహెచ్ మాత్రం దర్జాగా నిలబడి ఉంది. ఏం వేస్తున్నావురా అంటే, ఏమీ వేయడం లేదు బావా, చేపలకు మేత వేస్తానంతే అన్నాడు అతను, నిజంగానే ఏమీ తెలియక. ఆ కొసలు ఊదారంగులో మెరిసిపోతుంటే ఆయన చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి బుర్ర గోక్కుంటే, ఆ షెడ్డుకు గోడల్లేవన్న సంగతి తట్టి ఒక పరీక్ష పెట్టాడు. తొట్టె నీళ్ళు రెండు గ్లాసుల్లో పట్టాడు. ఒకటి హాల్లో పెట్టి చిన్న పంపుతో ఆ గదిగాలే బుడగలుగా వదిలాడు. రెండోది బయట మెట్ల మీద పెట్టి బయటిగాలి వదలాలి. పిల్లీ గిల్లీ పడేయకుండా దగ్గర కూర్చోమని ఆవిడను పంపాడు. ఆవిడ ప్రూఫులు కూడా తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చుంది. గ్లాసులో బుడగలు గుడగుడమంటున్నాయి. కాసేపటికి ఆవిడ చేతిలో పెన్సిలు ఆగింది. తలలో బరువు లేదు. అక్షరాలు ఎక్కడివక్కడ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. అప్పటికే చూసి పక్కన పెట్టిన పేజీలో రెండు తప్పులు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. దిద్దింది.

ఆయన వచ్చి మెట్ల మీద గ్లాసు కొలిచాడు. పీహెచ్ లేచింది. లోపలికి పరుగెత్తి హాల్లో గ్లాసు కొలిచాడు. అది ఉన్నచోటే ఉంది. ఆనందం పట్టలేకపోయాడు. మందులూ కాదు, ఉప్పూ కాదు, ఇంట్లో గాలే చెడిపోయిందట. మనం ఊపిరితో వదిలే బొగ్గుపులుసు గాలీ, పొయ్యి వదిలేదీ బయటికి పోయే దారిలేక నీళ్ళలో కలిసి వాటిని పులుపెక్కిస్తున్నాయట. అలాంటి నీళ్ళలో పగడం ఒళ్ళు కట్టుకోలేదట.

"ఇన్నాళ్ళూ పాపం గాలాడక అల్లాడిపోయింది," అంటూ ఆయన అద్దం మీద చెయ్యి వేశాడు.

ఆవిడ అలాగే నిలబడింది. ఇప్పుడు ఇటు తిరుగుతాడనుకుంది. తిరిగి, నీ తలనొప్పి కూడా ఇదేనేమో అంటాడనుకుంది. ఆ ఒక్క మాట అంటే ఏడాది మంటంతా చల్లారిపోయేది. ఆయన తిరగలేదు.

"అయితే కిటికీ తీద్దామా?" అని ఆవిడే అడిగింది.

కిటికీ ఎలా తీస్తాం, ఎండా దుమ్మూ వచ్చిపడవూ అన్నాడు. దానికో ఉపాయం ఉంది. తొట్టెలోకి బుడగలు వదిలి మురికిని నురుగుగా తీసే యంత్రం గదిగాలి పీలుస్తుంది కదా, దాని ముక్కుకు సన్నని గొట్టం తగిలించి కిటికీ చట్రంలోంచి బయటికి పంపితే చాలు. పగడానికి మంచి గాలి, గదిలోకి దుమ్ము రాదు. చెబుతూనే చెప్పులు వేసుకుని గొట్టం కొనడానికి వెళ్ళాడు. ఆవిడ ఒళ్ళు భగ్గుమంది. ఇదేం అన్యాయం? రాయి మీద కూర్చున్న పురుగుకు గొట్టం వేసి గాలి తెప్పిస్తున్నాడు, పక్కన కూర్చున్న పెళ్ళానికి అద్దాలు మార్పించాడు.

ఆయన డ్రిల్లు పెట్టి చట్రానికి బెజ్జం చేశాడు. గొట్టం దూర్చాడు. చుట్టూ మళ్ళీ గమ్ము పట్టించాడు. యంత్రానికి తగిలించి, పీహెచ్ మీటరు వైపు ఒకసారి ప్రేమగా చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ తన బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ప్రూఫులు, కుడిచేతిలో పెన్సిలు. యంత్రం నుంచి ఊడబెరికిన గొట్టం ఎడమచేత్తో ముక్కుకు పట్టుకుని, తీరిగ్గా పీల్చుకుంటూ పేజీ చూస్తోంది.

ఆయన గబగబా మీటరు దగ్గరికి నడిచాడు. "ఏం చేస్తున్నావు నువ్వు? పీహెచ్ పడిపోతుంది," అన్నాడు.

"నాది ఏడాదిగా పడిపోతోంది," అంది ఆవిడ, పేజీ మీంచి తల ఎత్తకుండా. "కొలిచారా?"

కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు ఆ ఒక్కటీ కొలవలేదు. తొట్టె వైపు చూశాడు. గొట్టం వైపు చూశాడు. ఆవిడ మొహం వైపు చూశాడు, చాలా రోజుల తర్వాత. కళ్ళ కింద నలుపు ఎప్పటి నుంచి ఉందో ఆయనకు తెలియలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

"ఈ పాఠం అయ్యాక ఇస్తాను. పిల్లలు చదివే పుస్తకమండీ ఇది," అంది.

ఆయన వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చాడు. స్టూలు ఎక్కి కిటికీ టేపు ఊడబీకి, కింద గమ్ము కోయడం మొదలుపెట్టాడు. అది ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. ఎక్కడా సందు లేకుండా పట్టించిన మనిషి ఆయనే మరి. ఆయనకు చెమటలు కారుతున్నా, ఆవిడ గొట్టం వదలలేదు, సాయానికీ లేవలేదు.