మొక్క పేరు పక్కన

పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టి, అత్తమ్మకు చాయ్ ఇచ్చి, ఎండడానికి పేపర్ల మధ్య అదిమిపెట్టిన మొక్కకు పేపర్లు మార్చడానికి కూర్చున్నాను. రోజూ తడి పేపరు తీసి పొడిది పెట్టకపోతే బూజు పడుతుంది. చంద్లాపూర్ బండల సందుల్లో నాకు దొరికిన చిన్న మొక్క అది. పూవు విప్పి చూసిన మా యూనివర్సిటీ మేడమ్ "కొత్త జాతే నవతా, పేరు నువ్వే పెట్టాలె" అన్నారు. కొత్త మొక్కను మొదట వర్ణించి రాసినవాళ్ల పేరు ఆ మొక్క పేరు పక్కన ఎప్పటికీ ఉంటుంది. మగ్గం నేసే మా బాపు ఇంటిపేరు అడెపు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను, నా సర్టిఫికెట్లన్నిటి మీదా ఆ ఇంటిపేరే ఉంది. ఈ మొక్కను వర్ణిస్తూ రాసిన వ్యాసంలోనూ అదే పెట్టాను.

నా భర్త శైలేందర్ లాప్‌టాప్‌లో అది చూశాడు.

"అడెపు ఏందే? మా ఇంటిపేరు బూర, అది రాయి. నా పెండ్లానివా, మీ అయ్య పెండ్లానివా?"

"సదువుకున్నది అడెపు నవతనే గద" అన్నాను.

జుట్టు పట్టి బీరువాకేసి కొట్టాడు. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నాడు. అత్తమ్మ కూర్చున్న చోటునుంచి లేవలేదు. "తినేది మా ఇంట్ల, గడ్డికి పెట్టేది దాని అయ్య పేరు" అంటూ చాయ్ ఊదుకుంది. అతడు మొక్కను పేపర్లతో సహా వాకిట్లో నీళ్లు కాగే పొయ్యిలో పడేశాడు. తీద్దామని చెయ్యి పెట్టాను. ఆ చేతిని పొయ్యి అంచున చెప్పుకాలితో తొక్కిపట్టాడు, మొక్క మొత్తం కాలేదాకా. ఎండిన మొక్కను హెర్బేరియంలో, మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, దాచితేనే పేరు చెల్లుతుంది. బూడిదకు ఎవరూ పేరు పెట్టరు.

దవాఖానలో అతడే ముందు నోరు తెరిచాడు. "మెట్ల మీదికెళ్లి పడ్డది మేడం."

"నిజమేనా అమ్మా?" అంది డాక్టరమ్మ.

ఇన్నేళ్లూ అడిగినవాళ్లందరికీ ఆ మెట్ల మీద నేనే పడ్డాను, బాత్రూంలో నేనే జారాను. మొక్కను వానలకు మళ్లీ వెతుక్కోవచ్చు. ఇది ఇప్పుడే చెప్పాలి, చూసింది చూసినట్టు.

"ఎడమ కనుబొమ్మ మీద చీలిక, అంచులు ఎగుడుదిగుడు. పక్కటెముకల మీద గుండ్రంగా కమిలిన మచ్చ, నడుమ నలుపు, చుట్టూ ఊదా. కుడిచేతి మీద కాలిన బొబ్బలు, వాటి మీద చెప్పు అచ్చు."

శైలేందర్ నా మోచెయ్యి నొక్కిపట్టాడు. డాక్టరమ్మ అతడి చేతినే చూస్తూ అడిగింది. "ఎవరు కొట్టిన్రు?"

"రాసుకోండి మేడం, ఇంటిపేరుతో సహా చెప్త. బూర శైలేందర్."