ఆదివారం బాకీదారులు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆరేళ్లు జిగురు యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి అకౌంట్స్ గదిలో కుర్చీ దొరకడమంటే మాటలు కాదు. ఆమెకు దొరికింది, అదీ ఒక్క నెలకు. నెలలో పని పట్టుబడితే కుర్చీ ఆమెది, లేకపోతే మళ్లీ జిగురే. ఆ వాసనకు ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఇంకో ఏడాది అక్కడే ఉంటే తన చేతిలో ఏమీ ఉండదనీ డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. కూతురు ఇంకా బడికి వెళ్తోంది కాబట్టి పని మానుకునే వీలూ లేదు.

కూడికలూ తీసివేతలూ ఆమెకు మంచినీళ్లప్రాయం. వచ్చిన చిక్కల్లా ఇంగ్లీషు మాటలతోనే. డెబిట్, క్రెడిట్ అనే ఇద్దరు తోడికోడళ్లు ఆమెను వారం రోజులు ఏడిపించారు. బ్యాంకువాళ్లిచ్చిన పుస్తకంలో డబ్బు వస్తే క్రెడిట్ అని ఉంటుంది. ఇక్కడేమో అదే డబ్బుకు డెబిట్ రాయాలట! డిప్రీసియేషన్ అనడానికి నోరు తిరక్క పక్కన పెన్సిలుతో 'అరుగుదల' అని రాసుకుంది. విన్న మాటనల్లా తనకు తోచినట్టు అర్థం చేసుకునేదే తప్ప, ఎవరినీ అడిగేది కాదు.

అడగాలంటే టాలీ అత్తనే అడగాలి, ఆవిడంటే హడలు. ఆవిడే హెడ్ అకౌంటెంటు. లెక్క టాలీ అయితే తప్ప భోజనం డబ్బా మూత తీయదు కాబట్టి ఆ పేరు పడింది. ఇరవయ్యేడేళ్లలో ఆవిడ పుస్తకాల్లో ఒక్క తప్పు దొరకలేదని ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటుంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లూ లేరు.

గడువు ఇంకా మూడు రోజులుందనగా ఆడిటరు వస్తున్నాడని కబురొచ్చింది. టాలీ అత్త ఫోనులో మాట్లాడుతూనే రిసీవరుకు చెయ్యి అడ్డంపెట్టి, "అమ్మాయ్, సండ్రీ డెటర్స్ లిస్టు తీసిపెట్టు" అంది.

డెటర్స్ అంటే మనకు బాకీ ఉన్నవాళ్లని ఆమెకు తెలుసు. రకరకాలవాళ్లందరూ అని అర్థమొచ్చే 'సండ్రీ' మాత్రం 'సండే' అని చెవిన పడింది. ఆదివారాలు కూడా సరుకు వెళ్తుంది కదా, ఆ రోజు అరువు తీసుకున్నవాళ్లకు వేరే లిస్టు కాబోలు అనుకుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పాత క్యాలెండర్లు ముందేసుకుని, ఏ బిల్లు ఏ వారమో చూసి, పదకొండు మందిని ఏరింది. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఆడిటరు రాగానే నేరుగా ఆయన చేతికే అందించింది.

ఆడిటరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. పక్కనే యజమాని కూర్చుని ఉన్నాడు.

"వంద మంది దాకా ఉండాలే, మిగతావాళ్లేరమ్మా?"

"వాళ్లు ఆదివారం తీసుకోలేదండి."

ఆడిటరు పైన రాసిన 'ఆదివారం బాకీదారులు' అన్న శీర్షిక చదివి పగలబడి నవ్వాడు. యజమాని నవ్వలేదు. "రేపట్నుంచి ఈవిణ్ణి మళ్లీ జిగురు దగ్గరికే పంపేయండి మేడమ్. మనకెందుకీ తలనొప్పి?" అన్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

టాలీ అత్త కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నేను చేరిన కొత్తలో మీ నాన్నగారు, 'బ్యాడ్ డెట్స్‌కి ప్రొవిజన్ చెయ్యమ్మా' అన్నారు బాబూ. రాని బాకీల కోసం లాభంలోంచి కొంత పక్కన పెట్టమని ఆయన ఉద్దేశం. నాకేం తెలుసు? ప్రొవిజన్స్ అంటే కిరాణా సరుకులేగా! పాపం, బాకీ కట్టలేనివాళ్లకి సరుకులు పంపమంటున్నారు, ఎంత ధర్మాత్ముడో అనుకున్నా. ఏడిళ్లకి పంచదార, నూనె, సబ్బులు మూటలు కట్టించి పంపేశా."

ఆడిటరుకు నవ్వాలో మానాలో తెలియలేదు. గుమ్మం దగ్గర గుమాస్తాలు పోగయ్యారు.

"మరి నాన్నగారేమన్నారు?" అన్నాడు యజమాని.

"సరుకుల బిల్లు ఆయనే కట్టారు. నన్ను కూర్చోబెట్టి ఒక్కో మాటకీ అర్థం చెప్పారు. ఆ రోజు నన్ను గేటు దాటిస్తే ఇన్నేళ్లూ మీ పుస్తకాలెవరు రాసేవాళ్లు? ఈ పిల్ల మాట తప్పు విన్నది గానీ లెక్క తప్పలేదు. ఆ పదకొండు మంది మొత్తం కూడి చూడండి, పైసా తేడా ఉంటే నా జీతంలో కోయండి. మాటలు నేను నేర్పుతా."

"నాన్నగారు నాకెప్పుడూ ఈ సంగతి చెప్పలేదే!"

"ఆయన ఎవరికీ చెప్పలేదు బాబూ."

యజమాని లిస్టు మొత్తం కూడి చూశాడు. సరిపోయింది. "సరే, కుర్చీ ఆవిడదే" అని లేచాడు. "ఆదివారాలు మాత్రం సెలవిచ్చేయండి."

అందరూ వెళ్లాక ఆమె టాలీ అత్త బల్ల దగ్గర నిలబడింది. ఇరవయ్యేడేళ్లుగా కాపాడుకున్న పేరును ఆవిడ తన కోసం నలుగురి ముందు నవ్వులపాలు చేసుకుంది. తల్లి కూడా ఇంతకన్నా ఏం చేస్తుంది అనిపించి ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేనండి."

టాలీ అత్త పెన్ను కింద పెట్టింది.

"ఆ పెద్దాయనకి నేనీ మాట చెప్పలేదే అమ్మాయ్. ఆ రోజు సిగ్గుతో తలెత్తలేదు. తర్వాత చెబుదాంలే, చెబుదాంలే అనుకుంటూనే ఉన్నా. ఆయన పోయారు." ఆవిడ గోడ మీది ఫొటో వైపు చూసింది. "నువ్వు నయం, వెంటనే చెప్పావు. ఏదీ, ఇంకోసారి చెప్పు."

ఆమె గోడ మీది పెద్దాయన ఫొటో వైపు తిరిగి, ఇద్దరి తరఫునా చెప్పింది.