పెరటి దారి

చెప్పులు చేత్తో పట్టుకుని, వంటగది తలుపులోంచి పెరట్లోకి దిగి, గోడవారగా వంగి నడిచి గేటు దాటడం నాకు రోజూ ఉన్న పనే. దొంగతనానికేం కాదు, డ్యూటీకే. ఆ సమయానికి లోపల అత్తయ్య మా బుడ్డదాన్ని టీవీ ముందు కూర్చోబెట్టి నాలుగు ముద్దలు తినిపిస్తుంటారు. "చెప్పావంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. కనపడకుండా జారుకో" అని ఆవిడే నేర్పారు. తన పిల్లలిద్దర్నీ అలాగే పెంచారట.

ఆరు నెలలుగా జారుకుంటున్నాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఇప్పుడు బుడ్డది నన్ను వదలదు. స్నానానికి వెళ్తే తలుపు బాదుతుంది. నిద్రలో కూడా నా నైటీ దాని పిడికిట్లోనే ఉంటుంది. "గారం చేసి చెడగొట్టావు" అంటారు అత్తయ్య. మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "ఉద్యోగం మీదున్న ధ్యాస పిల్ల మీద ఉంటే కదా" అంటాడు. గారం ఎక్కువైందో ధ్యాస తక్కువైందో ముందు తల్లీకొడుకులు ఒక మాట అనుకోండి నాయనా అని లోపలే గొణుక్కుని, ఆయన తాగి వదిలేసిన కప్పు తీసి కడుగుతాను. ఒంట్లో ఓపిక ఉండదు. ఆ చిన్న చెయ్యి కొంగు లాగితే ఒక్కోసారి విసుగు తన్నుకొస్తుంది. గేటు దాటగానే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఆ హాయి తలుచుకుంటే బస్సులో సిగ్గేస్తుంది, నేనేం తల్లినని.

నేను ల్యాబులో రక్తం తీస్తాను. "చీమ కుట్టినట్టుంటుంది, ఒక్క క్షణం" అని చెప్పకుండా ఎవరికీ సూది గుచ్చను. నిన్న ఒకావిడ మూడేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. "అదిగో, ఫ్యాను చూడు" అని దాని తల పక్కకి తిప్పి, కానివ్వమని నాకు సైగ చేసింది. వెనకనుంచి సూపర్‌వైజర్ "లైను పెరిగిపోతోంది, తొందరగా" అన్నాడు. ఏమీ చెప్పకుండానే గుచ్చేశాను. పిల్ల సూది వైపు చూడలేదు, వాళ్ళమ్మ మొహం చూసింది. తర్వాత ఆవిడ మెడ పట్టుకున్న చెయ్యి ఎంత లాగినా వదల్లేదు.

ఈ ఉదయం వీధి తలుపు దగ్గర కూర్చుని బుడ్డదాన్ని పిలిచాను. "అమ్మ పనికి వెళ్తోంది. నువ్వు నిద్రపోయి లేచి పాలు తాగాక వచ్చేస్తుంది." అది నమ్మలేదు. నేల మీద పడి గుక్కపెట్టి ఏడ్చింది. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది.

"చూశావా, పొద్దున్నే పసిదాన్ని ఏడిపించావు. గుట్టుగా పోయేదానివి కదా" అన్నారు అత్తయ్య.

వెళ్ళాలని ఉందని నా నోటితో ఒప్పుకునే ధైర్యం లేకే ఇన్నాళ్ళూ పెరటి దారి పట్టానని అప్పుడు తెలిసింది. దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

"అమ్మకి అలసటొస్తుంది బంగారం. నీ మీద విసుగు కూడా వస్తుంది. బయటికి వెళ్ళాలని ఉంటుంది. మళ్ళీ నీ దగ్గరికి రావాలనీ ఉంటుంది. అన్నీ నిజమే."

ఎంత అర్థమైందో ఏమో. వెక్కుతూ నా మొహంలోకి చాలాసేపు చూసింది. లేచి నిలబడితే మళ్ళీ ఏడుపు అందుకుంది గానీ, కొంగు మాత్రం పట్టుకోలేదు.

"చంటిదానితో అనే మాటలేనా అవి?" అన్నారు అత్తయ్య.

"ముందు దానికి చెప్పాను అత్తయ్యా. సాయంత్రం మీ అబ్బాయికీ ఇవే మాటలు చెప్తాను. తిరిగి రావాలని ఉందన్న మాట ఆయనతో అనగలనో లేదో మాత్రం ఇంకా ఆలోచించుకోవాలి."