నిచ్చెన పట్టుకునే మనిషి

చిన్న కోడలు కాపురానికి వచ్చి రెండేళ్ళయినా కాలేదు, అప్పుడే ఇంటిల్లిపాదీ ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. ఆమె కాఫీ కలిపి ఇస్తే అత్తగారు గుటక గుటకకీ మెచ్చుకుంటుంది. అదే పొడి, అవే పాలు, పెద్ద కోడలు కలిపితే మాత్రం మాటా పలుకూ లేకుండా తాగేసి కప్పు పక్కన పెడుతుంది. ఆ కప్పు కడగడానికి మళ్ళీ పెద్ద కోడలే గుర్తొస్తుంది. ఇలాంటి ఇంట్లో ఎవరికైనా కడుపు మండదా? పెద్ద కోడలికి మండింది. రోజూ మండుతూనే ఉంది.

వానలకు ఇళ్ళు కూలిపోయిన వాళ్ళకు ఊరి చివర కొత్త ఇళ్ళు కడుతున్నారనీ, కూలి తీసుకోకుండా కొన్నాళ్ళు పని చేసే మనుషులు కావాలనీ కబురు వచ్చింది. చిన్న కోడలు వెంటనే పేరు ఇచ్చేసింది. దాని మనసు వెన్న అని అత్తగారు ఇరుగుపొరుగు వాళ్ళకు చెప్పుకొచ్చింది. ఆ మాట వీధి చివరికి చేరేలోపే పెద్ద కోడలు కూడా పేరు ఇచ్చింది. సాయం చేయాలన్న కోరిక లేదని కాదు. దానికంటే, మండుటెండలో చెక్కలు మోస్తుంటే ఆ ముద్దుల కోడలి ముఖం ఎలా వాడిపోతుందో కళ్ళారా చూడాలన్న కోరిక ఎక్కువ.

పనికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చుని సామాన్లు సర్దుకున్నారు. మందపాటి అడుగున్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నీళ్ళ సీసా తెచ్చుకోమన్నారు. గాజులూ ఉంగరాలూ ఇంట్లో వదిలి రమ్మన్నారు. పెద్ద కోడలు బజారంతా తిరిగి కొత్త బూట్లు కొనుక్కుంది, అవి అప్పుడే మడమ దగ్గర కరుస్తున్నాయి. చిన్న కోడలు ఎవరో స్నేహితురాలి పాత బూట్లు అడిగి తెచ్చుకుంది. అవి ఆమెకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. కొందరికి గోనెసంచి తొడిగినా నప్పుతుంది, ఏం చేస్తాం.

పనిచోట అందరికీ పెద్ద ఒక మేస్త్రి. హెల్మెట్‌ను టోపీ అనేవాడు, ఎవరు కనబడినా ముందు తలకేసి చూసి టోపీ ఏదని అడిగేవాడు. అందుకని ఆయన టోపీ మేస్త్రి అయిపోయాడు. పొద్దున్నే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, నిన్న ఎక్కడ ప్రమాదం తప్పిందో చెప్పమనేవాడు. ఒప్పుకున్నవాళ్ళని పల్లెత్తు మాట అనేవాడు కాదు. నిచ్చెన దగ్గర మాత్రం ఆయనది ఉడుంపట్టు. ఎక్కే మనిషి "పట్టుకున్నావా?" అని అడగాలి. కింది మనిషి "పట్టుకున్నాను, ఎక్కు" అన్నాకే మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. పైనున్న వాళ్ళ కాలు మళ్ళీ నేలకు ఆనేదాకా కింద ఉన్నవాళ్ళు చెయ్యి తీయకూడదు, ఎవరు పిలిచినా సరే.

తోడికోడళ్ళిద్దర్నీ ఒక జంటగా వేశాడు. చూరు చెక్కకు మేకులు కొట్టే పని. ఎవరు పైన, ఎవరు కింద అన్న మాట వచ్చినప్పుడు మేస్త్రి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "పెద్దమ్మా, మీరు కాస్త నిండుగా ఉన్నారు. కింద మీరుంటేనే గట్టి" అన్నాడు. నలుగురూ నవ్వారు. చిన్న కోడలు నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నట్టు పెద్ద కోడలికి అనిపించింది, అది ఇంకా మండింది.

ఆ రోజంతా అదే తంతు. పైన టకటకా సుత్తి చప్పుడు. అటు పోయేవాళ్ళూ ఇటు పోయేవాళ్ళూ తలెత్తి, భలే కొడుతున్నావమ్మా అనడం. కింద నిచ్చెన పట్టుకున్న మనిషి ఒకతి ఉందని చూసినవాడు లేడు. మెడ నొప్పి, మడమ మంట, కళ్ళలో చెక్కపొట్టు, ఇవన్నీ ఈమెవి. శభాష్‌లన్నీ ఆమెవి. ఇంట్లో ఎలాగో ఇక్కడా అలాగే.

మర్నాడు మధ్యాహ్నం ఫోటోలు తీసే ఆయన వచ్చాడు. నిచ్చెన ముందు నిలబడి, కూర్చుని, వంగి చూసి, చివరికి పెద్ద కోడలితో మెల్లిగా అన్నాడు.

"మీరు కొంచెం పక్కకు జరుగుతారా? ఫోటోకి అడ్డొస్తున్నారు."

అడ్డొస్తున్నారు. ఇంట్లో ఎవరూ పైకి అనని మాటను ఒక ముక్కూ మొహం తెలియనివాడు అనేశాడు. పైకి చూస్తే చిన్న కోడలు అప్పటికే కెమెరా వైపు తిరిగి నవ్వుతోంది. పెద్ద కోడలికి ఒళ్ళు తెలియలేదు. తీసుకోండి మీ మహారాణి ఫోటో అని మనసులో అనుకుని, రెండు చేతులూ వదిలేసి పక్కకు జరిగింది.

నిచ్చెన కాలు కింద వేసిన పలక మీంచి జారింది. పైనుంచి ఒక కేక. పెద్ద కోడలు తన ప్రమేయం లేకుండానే ముందుకు దూకి, భుజం ఆనించి, నిచ్చెనను ఒళ్ళంతా పెట్టి ఆపింది. అదే క్షణంలో సుత్తి వచ్చి ఆమె హెల్మెట్ మీద ఠంగున పడింది. చుట్టుపక్కల వాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళకు కనబడింది ఒక్కటే: తల మీద సుత్తి పడినా నిచ్చెన వదలని మనిషి.

ఆ తర్వాత వినాలి ఆ పొగడ్తలు. ఒకరు నీళ్ళిచ్చారు, ఒకరు కొంగుతో గాలి విసిరారు. మేస్త్రి ఆమె హెల్మెట్ మీద పడిన సొట్ట అందరికీ చూపించాడు. ఫోటోలాయన మాత్రం తన తప్పు తనకు తెలుసు కాబట్టి కెమెరా సర్దుకుని జారుకున్నాడు. చిన్న కోడలు కిందికి దిగి, తోడికోడలి చేతులకేసి ఒకసారి చూసింది.

ఇంటికి వెళ్ళేసరికి కబురు ముందే చేరింది. అత్తగారు లేచి, స్వయంగా కాఫీ కలిపి, పెద్ద కోడలి చేతికిచ్చింది. నా పెద్ద కోడలు ప్రాణం నిలబెట్టింది అని వచ్చినవాళ్ళందరితో అంది. ఏమ్మా నిజమేనా అని వాళ్ళు అడిగితే, అక్క పట్టుకోకపోతే నేను లేను అంది చిన్న కోడలు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇన్నేళ్ళూ దేనికోసం మొహం వాచిపోయిందో అది కప్పు నిండా చేతికొచ్చింది. పెద్ద కోడలు ఒక్క గుటకైనా తాగకుండా ఆ కప్పు పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున మేస్త్రి అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, నిచ్చెన ఎందుకు జారిందని అడిగాడు. నేల మెత్తగా ఉందండి అంది చిన్న కోడలు. అందరూ పెద్ద కోడలికి చప్పట్లు కొట్టారు. తర్వాత జంటలు విడిపోతుంటే, చిన్న కోడలు ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళి, తమలాగే పనికి వచ్చిన ఒక బడి టీచరమ్మను అడిగింది, ఇవాళ నాకు మీరు పట్టుకుంటారా అని.

పెద్ద కోడలు పాత చెక్కల్లోంచి మేకులు పీకుతూ దూరం నుంచి చూసింది. ఇంతకాలం ఆ పిల్లను చూసి కుళ్ళుకుంది గానీ, ఇవాళ పుట్టిన కుళ్ళు వేరు. తన తోడికోడలి నిచ్చెన ఇంకెవరో పట్టుకున్నారు. అదైనా సరిగ్గా పట్టుకుందా ఆ టీచరమ్మ? ఒక చేత్తో కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ పిల్ల పైన ఉంటే కబుర్లా? చూసి చూసి ఇక ఆగలేక, మేకుల డబ్బా అక్కడే పడేసి వెళ్ళింది. టీచరమ్మతో దెబ్బలాడదామనే వెళ్ళింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, దెబ్బలాడే హక్కు తనకు లేదని.

చిన్న కోడలు దిగేదాకా ఆగి, మేస్త్రిని పిలిచి, పదిమందిలో చెప్పింది.

"నేల మెత్తగా లేదండి. నేనే చేతులు వదిలేశాను. కోపంతో వదిలేశాను."

చప్పట్లు కొట్టిన వాళ్ళంతా నేల చూపులు చూశారు. మేస్త్రి తిట్టలేదు. నేను చెప్పేదాకా నిచ్చెన జోలికి రావద్దమ్మా, మేకులు పీకండి అన్నాడు. పెద్ద కోడలు వెనక్కి వెళ్ళి మేకులు పీకింది. ఆ రోజూ పీకింది, మర్నాడూ పీకింది. ఇంట్లో ఎవరి కాఫీ వాళ్ళే కలుపుకున్నారు.

ఆఖరి రోజు ఎండ వాలుతుండగా చిన్న కోడలు మేస్త్రి దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి తల ఊపాడు. ఆమె నిచ్చెన మోసుకొచ్చి, పెద్ద కోడలు కూర్చున్న చోటే గోడకు ఆనించింది.

పెద్ద కోడలు లేచి, నిచ్చెన కాళ్ళ కింద పలక సరిచూసి, రెండు చేతులతో పట్టుకుని, అడుగు మెట్టు మీద బూటు కాలు పెట్టింది.

"పట్టుకున్నావా అక్కా?"

"పట్టుకున్నాను, ఎక్కు."

చిన్న కోడలు ఒక మెట్టు ఎక్కి ఆగింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

ఒక్కసారి అడిగితే చాలు, అది అక్కడ అందరికీ తెలుసు. చిన్న కోడలు మాత్రం మెట్టు మెట్టుకీ ఆగి అడిగింది. పెద్ద కోడలు మెట్టు మెట్టుకీ జవాబు చెప్పింది.